సీసాన్ని పట్టే పోగులు

ఫిల్టర్ అమ్మడానికి వచ్చినవాళ్లు గ్లాసులో చిన్న మీటరు ముంచి టీడీఎస్ అంకె చూపిస్తారు. అంకె తక్కువగా ఉంటే మనకు నిశ్చింత. కానీ ఆ మీటరు కరిగిన లవణాల మొత్తాన్నే అంచనా వేస్తుంది. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. వందల్లో ఉండే టీడీఎస్ అంకెలో అదెక్కడ కనిపిస్తుంది? మరిగించినా లోహాలు పోవు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి. పిల్లల రక్తంలో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదనే హద్దు వైద్యశాస్త్రానికి ఇంతవరకూ దొరకలేదు.

ఈ లోహాలను పట్టడానికి శాస్త్రవేత్తలు పాలిమర్ పోగులను మలుస్తున్నారు. స్వెటర్లు అల్లే యాక్రిలిక్ నూలు తెలుసు కదా, దాదాపు అదే పదార్థం. దాన్ని హైడ్రాక్సిలమీన్ అనే రసాయనంతో వేడిచేస్తే పోగు మీద అమిడాక్సిమ్ అనే కొక్కేలు ఏర్పడతాయి. సీసం, రాగి, యురేనియం వాటికి చిక్కుకుంటాయి. సముద్రపు నీటి నుంచి యురేనియం తీయడానికి మన బాబా అణు పరిశోధన కేంద్రం కూడా అమిడాక్సిమ్ అతికించిన పోగులనే వాడి చూసింది. ఆమ్లంతో కడిగితే లోహం వదులుతుంది, పోగును మళ్లీ వాడుకోవచ్చు.

పేచీ కూడా అక్కడే. కొక్కేలన్నీ నిండాక వచ్చే సీసం నేరుగా గ్లాసులోకే వస్తుంది. రుచి మారదు, రంగు మారదు. కడిగిన ఆమ్లాన్ని సింకులో పోస్తే ఆ సీసం మళ్లీ మురుగు కాల్వ పాలే. అందుకే ఈ పోగులకు మొదటి చోటు వంటిల్లు కాదు, పరిశ్రమల వ్యర్థజలం బయటికొచ్చే గొట్టం దగ్గర అని నా అభిప్రాయం. విషం చిక్కగా ఉండేదీ, కడిగి భద్రంగా తీసిపెట్టే మనుషులు ఉండాల్సిందీ అక్కడే. పటాన్‌చెరు చెరువులను చూశాక కూడా ఈ ఖర్చు ఇంటి యజమాని మీదే వేయడం న్యాయం కాదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రిలో చేరాక ఎయిమ్స్ పరీక్షించిన రక్తనమూనాల్లో సీసం, నికెల్ బయటపడ్డాయి. పురుగుమందులపైనా అనుమానం వచ్చింది. జనం పడిపోయాక నమూనాలు పట్టుకుని పరుగెత్తడం కాదు, వార్డులవారీగా నీటిలోని లోహాల ఫలితాలను క్రమం తప్పకుండా ప్రకటించాలి.

ఈలోగా బోరునీళ్లు తాగేవాళ్లు ల్యాబ్‌లో సీసం, ఆర్సెనిక్, కాడ్మియం అని పేరుపెట్టి పరీక్ష అడగండి. మామూలు నీటి పరీక్షలో ఇవి ఉండకపోవచ్చు. కొత్తరకం ఫిల్టర్ కొంటుంటే ఏ లోహాన్ని, ఎన్ని లీటర్ల వరకు ఆపుతుందో, పాత కార్ట్రిడ్జ్‌ను ఎవరు వెనక్కి తీసుకుంటారో రాతపూర్వకంగా తీసుకోండి. నల్గొండ వైపు వాళ్లకు ఇంకోమాట: ఫ్లోరైడ్ లోహం కాదు, అది ఈ కొక్కేలకు చిక్కదు.