పస్తాపూర్ నిర్మాత

పి.వి. సతీష్ 1945లో మైసూరులో పుట్టారు. జర్నలిజం చదివి, కొంతకాలం పత్రికల్లో పనిచేసి, దూరదర్శన్‌లో నిర్మాత అయ్యారు. దాదాపు రెండు దశాబ్దాలు ఆయన తీసినవి ఎక్కువగా పల్లెల బాగోగులు, అక్షరాస్యత మీద కార్యక్రమాలే.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆయన పాత్ర ఉంది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు అప్పుడు టీవీ వచ్చింది. ఊరికొక్క పెట్టె, దాని ముందు ఊరు ఊరంతా. సేద్యం, ఆరోగ్యం గురించి ఎన్నో మంచి మాటలు చెప్పారు. అయితే చెప్పేది పట్నం, వినేది పల్లె. రైతు తిరిగి ఒక మాట అనడానికి ఆ పెట్టెలో దారి లేదు.

1983లో సతీష్, మరికొందరు మిత్రులు జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రారంభించారు. పస్తాపూర్ దాని కేంద్రం. దళిత మహిళలు సంఘాలు కట్టి, బీడు పడ్డ చెలకల్లో జొన్న, కొర్ర, సామ, కంది పండించారు. విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు. ఏటా ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలతో ఊరూరా పాత పంటల జాతర నడిపారు.

నిర్మాతగా సతీష్ చేసిన అసలు పని ఆ తర్వాతది. కెమెరాను ఆ ఆడవాళ్ళ చేతికిచ్చారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. పైనుంచి కిందికి చూసే షాట్‌ను వాళ్ళు పటేల్ షాట్ అన్నారు, కంటికి సమానంగా నిలిపి తీసేదాన్ని సంఘం షాట్ అన్నారు. ఏ ఫిల్మ్ స్కూల్లోనూ ఇంత సూటిగా చెప్పరు. బీటీ పత్తికి అనుమతి వచ్చిన తొలి ఏడాది వాళ్ళు వరంగల్ రైతుల చేలల్లో సీజనంతా తిరిగి, జరిగింది జరిగినట్టు చిత్రం తీశారు.

గోదావరి డెల్టాలో, ద్రాక్షారామం చుట్టుపక్కల కాలవ కింద వరి రైతుకు కావలసిందీ అలాంటి చిత్రమే. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం పాటించారు. మద్దతు ధర, కూలీల కొరత, పూడిపోయిన మురుగు కాలవలు కలిసి రైతును ఎలా ముంచాయో గట్టు మీద నిలబడి చెప్పే రెండు ముక్కల్లో ఇమడదు. నారుమడి నుంచి కళ్ళం దాకా వెంట ఉండే కెమెరా కావాలి, అది రైతుదే కావాలి.

పస్తాపూర్ సంఘాల మహిళలు సొంత రేడియోకు మాత్రం చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జహీరాబాద్ ప్రాంతంలోనే మాచ్‌నూర్‌లో 1998లో యునెస్కో సాయంతో స్టూడియో సిద్ధమైంది. లైసెన్సు లేక, రికార్డు చేసిన క్యాసెట్లను ఏళ్ళ తరబడి సంఘాల సమావేశాల్లోనే వినిపించారు. 2006లో ప్రభుత్వ విధానం మారాక, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి.

సతీష్ 2023 మార్చి 19న హైదరాబాదులో కన్నుమూశారు. అంత్యక్రియలు పస్తాపూర్‌లో జరిగాయి.