ఆది నిష్ఠూరమే మేలు

"మన మధ్య కాగితాలేంటమ్మా?"

ఐదేళ్ల క్రితం నా మొదటి అనువాదం అచ్చుకి వెళ్తున్నప్పుడు ప్రచురణకర్త నవ్వుతూ అన్న మాట ఇది. నేనూ నవ్వాను. కన్నడ నుంచి మూడొందల పేజీల నవల, రెండేళ్ల రాత్రులు. కాఫీ తాగి, పుస్తకం వస్తోందన్న సంతోషంలో ఇంటికొచ్చేశాను.

ఆ పుస్తకం ఎన్ని కాపీలు వేశారో నాకు ఈ రోజుకీ తెలీదు. ఒకసారి ఐదొందలు అన్నారు. ఇంకోసారి "వెయ్యి వేశాం, సగం గోడౌన్లోనే ఉన్నాయి" అన్నారు. అట్ట మీద నా పేరు లేదు, లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆఖరి అధ్యాయంలో రెండు పేరాలు ఎగిరిపోయాయి. ఎవరో నిడివి తగ్గించారట. ఆ సంగతి మూలంతో పోల్చి చదివిన ఒక పాఠకురాలు ఫోన్ చేసేదాకా నాకు తెలీదు.

ఇది మోసం కథ అనుకోకండి. మోసమైతే పోట్లాడి తేల్చుకునేదాన్ని. ఆయన మంచివాడు. పుస్తకం మీద ప్రేమతో సొంత డబ్బు పోసి నడుపుతున్నాడు. అందుకే అడగలేకపోయాను. ఫోన్ చేయాలనుకున్న ప్రతిసారీ "పాపం, ఆయనకి మిగిలేదెంత" అని మానేశాను. మన సాహిత్యలోకాన్ని నడిపిస్తున్నది నమ్మకం అని చాలామంది అంటారు. కాదు, మొహమాటం. నమ్మకం ఉన్నచోట లెక్క అడగొచ్చు. మొహమాటం ఉన్నచోట అడగలేం.

అసలు చట్టం ఏమంటుందో చూడండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. లేకపోతే చెల్లదు. ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి అందులో చెప్పాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని లెక్క, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కుని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, ఆ బదిలీ రద్దయినట్టే. అంటే నోటిమాట మీద హక్కులు తీసుకున్నామనుకునే ప్రచురణకర్త చేతిలో కూడా గట్టిగా పట్టుకోవడానికి ఏమీ లేదు. కాగితం రచయిత కోసమే అనుకోవడం పొరపాటు.

సరే, కాగితం రాసుకుంటే సరిపోతుందా? చాదు. తర్వాత నా చేతికొచ్చిన ఒక ఒప్పందంలో ఇలా ఉంది: రచయిత ఫలానా తేదీకి రాతప్రతి ఇవ్వాలి, ఇవ్వకపోతే అడ్వాన్సు వెనక్కి. ప్రచురణకర్త "వీలైనంత త్వరగా" ప్రచురిస్తారు, "తగిన" ప్రచారం చేస్తారు, రాయల్టీ "ఎప్పటికప్పుడు" చెల్లిస్తారు. నా బాధ్యతలకి తేదీలున్నాయి, వాళ్ల బాధ్యతలకి విశేషణాలున్నాయి.

1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 29వ సెక్షన్ కింద ఒక ముచ్చటైన ఉదాహరణ ఉంది. ఒకాయన ఇంకొకాయనకి వంద టన్నుల నూనె అమ్ముతానని ఒప్పుకున్నాడు. ఏ నూనె? పల్లీ నూనా, ఆముదమా? తెలుసుకునే దారి లేదు కాబట్టి ఆ ఒప్పందం చెల్లదు. మన ఒప్పందాల్లో "తగిన ప్రచారం" సరిగ్గా ఆ వంద టన్నుల నూనె.

బాధ్యత అంటే అంకె, తేదీ, తప్పితే ఏమవుతుందన్న ఒక వాక్యం. ఈ మూడూ లేకపోతే అది శుభాకాంక్ష. ఎన్ని కాపీలు వేస్తారో రాయండి. ఎప్పటిలోగా తెస్తారో, తేకపోతే హక్కులు ఏ రోజున వెనక్కి వస్తాయో రాయండి. ఏడాదికొకసారి, ఫలానా తేదీకి, అమ్మకాల లెక్క పంపాలి. అమ్మింది సున్నా అయితే సున్నా అని రాసి పంపాలి. ఇవి పని గురించి. ప్రవర్తన గురించీ రాసుకోవాలి. చివరి ప్రూఫు రచయితకి చూపించకుండా ఒక్క వాక్యం తీయకూడదు. అనువాదకుల పేరు అట్ట మీద ఉండాలి. ఉత్తరానికి నెలలోగా జవాబివ్వాలి. రచయిత తన ఖర్చుతో పుస్తకం వేయించుకుంటున్నప్పుడు ఇంకా ఎక్కువ రాసుకోవాలి: ప్రెస్సు బిల్లు ఎవరు చూపిస్తారు, మిగిలిన కాపీలు ఎవరివి?

"తెలుగులో ఎవరికి మిగులుతోందని ఇవన్నీ?" అంటారు. పైన చెప్పినవాటిలో డబ్బు ఖర్చయ్యేవి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ప్రూఫు చూపించడానికి ఎంతవుతుంది? డబ్బు లేని చోట మనుషుల మధ్య మిగిలేవి సమయం, మర్యాద. కనీసం వాటికైనా లెక్క ఉండాలి కదా.

"ఎనిమిది వేల రాయల్టీ కోసం కోర్టుకెళ్తామా?" అని ఇంకో మాట. వెళ్లం. కాగితం పని మనల్ని కోర్టుకి పంపడం కాదు, అడగడాన్ని తగాదా కాకుండా చేయడం. "జూన్ దాటింది, నాలుగో అంశం ప్రకారం లెక్క రావాలి" అనడానికి మొహమాటం అక్కర్లేదు. పైగా రచయిత పోయాక కూడా కాపీరైటు అరవై ఏళ్లుంటుంది. ఆ కాఫీ తాగిన ఇద్దరూ ఉండరు. ఆయన కొడుకూ నా కూతురూ ఒకరినొకరు ఎరగరు. వాళ్లకి మన నమ్మకం ఎలా అప్పజెబుతాం?

ఇక నా వైపు. ఆ మొదటి నవల వేసవిలోగా ఇస్తానన్నాను. ఇచ్చింది ఆ పై వేసవి దాటాక. డిసెంబర్‌లో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి తేవాలని ఆయన అట్ట కూడా వేయించి పెట్టుకున్నాడు. ఒక్కసారీ గట్టిగా అడగలేదు. ఆయనదీ మొహమాటమే. రచయితలు గడువు పాటించరు, ఒకే రచన రెండు చోట్లకి పంపుతారు, తేడా వస్తే ఉత్తరం రాయకముందే ఫేస్‌బుక్‌లో పెడతారు. అవి కూడా అదే కాగితంలో, అంతే స్పష్టంగా ఉండాలి. ఒకరి బాధ్యతలే రాసిన కాగితం ఒప్పందం కాదు, ఆజ్ఞ.

ఇవన్నీ కనీసం మాత్రమే. ఆ పైన ఎవరి మంచితనం వాళ్లది. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పిల్ల పెళ్లికి పెట్టుపోతలు, ఇంటి అద్దెకి నీళ్ల బిల్లు ముందే తేల్చుకునేవాళ్లం, పుస్తకం దగ్గరికొచ్చేసరికి మాత్రం సాధువులమైపోతాం.

పోయిన నెల రెండో అనువాదం కోసం అదే ప్రచురణకర్తకి ఒకటిన్నర పేజీ కాగితం పంపాను. "ఇంత అనుమానమా అమ్మా?" అన్నారు. అనుమానం కాదు సార్, నాకు అడగడం చేతకాదు, అందుకని రాశాను అన్నాను. రెండ్రోజులు ఫోన్ లేదు. మూడో రోజు కాగితం తిరిగొచ్చింది, చివర ఆయన చేతిరాతతో ఒక వాక్యం కలిపి: మార్చి 31లోగా రాతప్రతి ఇవ్వకపోతే అట్ట ఖర్చు అనువాదకురాలిది.

సంతకం పెట్టి పంపాను.