తోడు లేని పొరుగు

రాత్రి పాలు కాచి చల్లార్చాక చూస్తే తోడుకు చుక్క పెరుగు లేదు. కుల్కచర్లలో అయితే ఆ ఇల్లాలు కంగారు పడదు. చిన్న గిన్నె ఇచ్చి పిల్లాణ్ని పక్కింటికి తోలుతుంది. 'పెద్దమ్మా... అమ్మ తోడుకింత పెరుగియ్యమంది!' అంతే. రెండు రోజులు పోయాక అదే గిన్నెలో చింతకాయ తొక్కు అటు వెళుతుంది. పరిగి దాటి పాలమూరు వైపు వెళ్లే దారిలో ఉన్న ఈ మండల కేంద్రంలోనే కాదు, మన పల్లెల్లో ఎక్కడైనా రెండు కాపురాల మధ్య సోపతి మొదలయ్యేది ఇలాంటి గిన్నెలతోనే.

అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాళ్ల చేతికి 'ఇరుగుపొరుగు జంటల స్నేహం మీద పెద్ద నవల' అంటూ ఓ పుస్తకం ఇస్తే? ఎంత ఆశగా తెరుస్తారు! జాన్ అప్‌డైక్ రాసిన 'కపుల్స్' సరిగ్గా ఆ ఆశే పెట్టి ఉసూరుమనిపిస్తుంది.

1968లో వచ్చిందీ నవల. ఆ ఏప్రిల్‌లో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా అప్‌డైక్ బొమ్మే వేసింది. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. తర్వాతి రోజుల్లో ఆయన రెండుసార్లు పులిట్జర్ అందుకున్న మాటా నిజమే. అయితే పేరు వేరు, పుస్తకం వేరు.

కథ జరిగేది మసాచుసెట్స్‌లోని టార్‌బాక్స్ అనే ఊళ్లో. ఊరు కల్పితమే. కానీ అప్‌డైక్ అప్పట్లో కాపురమున్న ఇప్స్‌విచ్ అదేనని చాలామంది అనుకున్నారు. పది జంటలు. అంతా చదువుకున్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు, చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లు. వారాంతం వస్తే ఎవరో ఒకరింట్లో చేరాల్సిందే. ఆటలు, విందులు, మందు, అర్ధరాత్రి దాకా కబుర్లు. ఇళ్లు కట్టే పని చేసే పీట్, అతని భార్య ఏంజెలా ఒక జంట. కొత్తగా ఊళ్లోకి వచ్చిన కెన్, ఫాక్సీ మరో జంట. సముద్రం దగ్గర్లో ఉన్న వాళ్ల పాత ఇంటిని బాగుచేసే పని పీట్ చేతికొస్తుంది. అప్పటికి ఫాక్సీ గర్భవతి. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించడం పాఠకులకు కష్టం కాదు. అసలు చిక్కే అది! నాలుగొందల పేజీలు దాటిన ఈ పుస్తకంలో ఎవరు ఎవరితో అన్న లెక్క తప్ప వేరే ప్రశ్న లేకుండాపోతుంది.

నలుగురు మనుషులుంటే వాళ్ల మధ్య ఆరు బంధాలుంటాయి. వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. రెండు కాపురాలు. ఆడవాళ్లిద్దరి మధ్య ఒకటి, మగవాళ్లిద్దరి మధ్య ఒకటి. ఇక ఈ ఇంటి మనిషికీ ఆ ఇంటి ఇల్లాలికీ, ఆ ఇంటి మనిషికీ ఈ ఇంటి ఇల్లాలికీ మధ్య మరో రెండు. అప్‌డైక్ కలమంతా ఈ చివరి రెండింటి చుట్టూనే తిరిగింది. ఏంజెలా, ఫాక్సీ ఒకరికొకరు ఏమవుతారు? ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తిన్న పీట్, కెన్ మధ్య ఏముంది? వీటికి దక్కిన చోటు చాలా తక్కువ. స్నేహమే సరిగ్గా కట్టనప్పుడు అది కూలిపోతే చదివేవాళ్లకు నొప్పేముంటుంది?

మన దగ్గర ఈ ఆరు బంధాల సంగతి మాటతోనే తేల్చేస్తారు. కొత్తగా పక్కింట్లో దిగిన ఆయన్ని ఇవతలి ఇల్లాలు 'అన్నా' అని పిలిచిందనుకోండి. ఆ ఒక్క పిలుపుతో ఆయన భార్య ఈమెకు వదినె అయిపోతుంది. ఈమె భర్తకు ఆయన బావ అవుతాడు. ఆ ఇల్లాలు ఈయనకు అక్కో చెల్లెలో. ఎవరూ కూర్చుని ఆలోచించాల్సిన పనిలేదు, మూడు వరసలూ వాటంతటవే కుదురుతాయి. కులాలు వేరైనా, మతాలు వేరైనా పల్లెల్లో ఈ పిలుపులు నడుస్తాయి. వరస కలిపినంత మాత్రాన మనసు అడ్డదారి పట్టదని కాదు. వరస కలిసినా విస్తరి కలవని వాకిళ్లూ మనకు లేకపోలేదు. సూరు నీళ్లు తమ వాకిట్లో పడుతున్నాయని ఆరేడు నెలలు మాటలు మానేసిన వదినెలు ఏ ఊళ్లో లేరు? దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ తీసుకునేదాకా ఆ అలక తీరదు. ఒక మంచి నవలకు కావాల్సిన సరుకంతా ఈ అలకల్లో ఉంది. టార్‌బాక్స్‌లో ఒకరినొకరు పేర్లు పెట్టి పిలుచుకోవడమే తప్ప, ఒకరికొకరు ఏమవుతారో వాళ్లకే తెలియదు.

న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఆ పుస్తకంలో మరిచిపోలేని రాత్రి ఒకటుంది. 1963 నవంబర్ 22. కెనడీని కాల్చి చంపిన రోజు. ఆ సాయంత్రమే ఒక జంట ఇంట్లో విందు. అన్నీ తెచ్చి పెట్టుకున్నారు. మానెయ్యాలా? మానరు! దేశం ఏడుస్తుంటే వీళ్లు వస్తారు, తాగుతారు, డాన్సులు చేస్తారు. ఒంటరిగా ఇంట్లో కూర్చోవాలంటే వాళ్లకున్న భయం అక్కడ తెలుస్తుంది. నవలంతా ఆ చూపుతో రాసి ఉంటేనా...

ఆఖర్న రెండు కాపురాలు విరిగి పీట్, ఫాక్సీ పెళ్లి చేసుకుంటారు. మరో ఊరు చేరి అక్కడి జంటల్లో ఒక జంటగా కలిసిపోతారు.

ఇదే సంగతిని ఇంకోలా రాసినాయన వాలెస్ స్టెగ్నర్. 1987లో వచ్చిన 'క్రాసింగ్ టు సేఫ్టీ' ఆయన చివరి నవల. తనకు కావలసిన ఒక జంటను మనసులో పెట్టుకునే రాశారు. లారీ, శాలీ లేనివాళ్లు. సిడ్, చారిటీ ఉన్నవాళ్లు. 1937లో మాడిసన్‌లో పరిచయం. అప్పటికి ఆడవాళ్లిద్దరూ కడుపుతో ఉంటారు. తర్వాత శాలీకి పోలియో సోకి కాళ్లు చచ్చుబడితే అవతలి జంట అండగా నిలబడుతుంది. ఇందులో పక్కచూపులు లేవు. ఇంత నిమ్మళమైన బతుకుల్లో చదివించే కథేముంటుందని కథ చెప్పే లారీయే బెంగపడతాడు!

ఉంది. నలుగురూ కొండల్లోకి నడిచి వెళ్లబోయే రోజు, టీ పొడి పెట్టారో లేదోనని చారిటీ మొగుడి చేత కట్టిన మూటంతా విప్పిస్తుంది. పెట్టానని ఆయన చెబుతున్నా వినదు. స్నేహితుడు అలా చిన్నబోతుంటే పక్కనున్నవాళ్లు ఎటు చూడాలి? మధ్యలో మాట్లాడితే ఒక తంటా, మాట్లాడకపోతే ఇంకో తంటా. పక్కింటి గొడవ గోడవతల నుంచి వినబడ్డ ప్రతివాళ్లకూ ఈ ఇబ్బంది తెలుసు. ముప్ఫై అయిదేళ్లు గడిచాక చారిటీ క్యాన్సర్‌తో మంచాన పడుతుంది. తన చావు కూడా తను అనుకున్నట్టే జరగాలంటుంది. ఆఖరి ప్రయాణంలో తోడుగా భర్తను రానివ్వదు, శాలీని రమ్మంటుంది. ఆడవాళ్లిద్దరి మధ్య ఉన్న ముడి ఎంత గట్టిదో అక్కడ తెలుస్తుంది.

స్టెగ్నర్ నడక నెమ్మది. మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి. స్వాతిలో మాలతీ చందూర్ 'పాత కెరటాలు' చదివి విదేశీ నవలల రుచి మరిగిన ఇళ్లలో ఆ ఓపికకు కొదవుండదు. 'కపుల్స్' ఎక్కడైనా గ్రంథాలయంలో కనబడితే కెనడీ రాత్రి ఒక్కటీ చదివి తిరిగి బీరువాలో పెట్టేసినా నష్టం లేదు.