సాయంత్రమైతే కనురెప్ప వాలుతోందా?

"హకీం సాబ్, రక్తంలో తెల్లకణాలు తేడాగా ఉన్నాయట. రక్తం శుభ్రమయ్యే మందివ్వండి" అంటూ కోవిల్‌పట్టి నుంచి ఒక ఇల్లాలు విరుదునగర్‌లోని నా దవాఖానాకు వచ్చింది. రిపోర్టులో న్యూట్రోఫిల్స్ ఎక్కువ, లింఫోసైట్స్ తక్కువ. పొద్దున బాగుంటుంది. సాయంత్రానికి కనురెప్ప వాలిపోతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అన్నం నమలలేదు. అంతకుముందు రెండు నెలలు వట్టి నీరసమనుకుని మాజూన్ ఇచ్చింది నేనే. తప్పు నాదే.

అది మయస్థీనియా గ్రేవిస్. యునానీలో 'తబియత్' శరీరానికి కాపలాదారు అంటాం. ఇక్కడ ఆ కాపలాదారే ఇంటివాళ్ళను కొడతాడు. నరం నుంచి కండరానికి కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్. ఆ కబురు అందుకునే రిసెప్టార్లను మన రక్షణ కణాలు తయారుచేసిన యాంటీబాడీలే దెబ్బతీస్తాయి. 1973లో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రామ్ అనే శాస్త్రజ్ఞులు కుందేళ్ళలో ఈ సంగతికి దారి చూపారు.

న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్స్‌తో భాగిస్తే వచ్చే అంకె ఈ రోగుల్లో పెరుగుతోందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. సంతోషమే, మామూలు రక్తపరీక్షతోనే తెలిసే అంకె. కాని జ్వరమొచ్చినా, చీము పట్టినా, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా అదీ పెరుగుతుంది. పొగ కనిపిస్తే నిప్పు ఏ ఇంట్లోనో తెలియదని అగ్గిపెట్టెల ఊరివాళ్ళకు నేను చెప్పాలా?

కనుక ఆ అంకె చూసి భయపడకండి, ధీమాగానూ ఉండకండి. ఎసిటైల్‌కోలిన్ రిసెప్టార్ యాంటీబాడీ పరీక్ష చేయించండి. జబ్బు ఒళ్ళంతా పాకిన నూరుమందిలో సుమారు 85 మందికి అందులో తేలుతుంది. కళ్ళకే పరిమితమైతే సగం మందికే. తేలకపోతే జబ్బు లేదని కాదు, నరాల డాక్టరు వేరే పరీక్షలు చేస్తారు. మదురై రాజాజీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది.

నరాల బలానికని కుచ్లా కలిసిన హబ్బె అజరాఖీ సొంతంగా కొనకండి. డాక్టరు మాత్రలు నా మాట మీదగానీ, మరే హకీం మాట మీదగానీ ఆపకండి. పిరిడోస్టిగ్మిన్ పనిచేసేది కొద్ది గంటలే, రోజా ఉండే ముందు డాక్టరును అడగండి. కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ బలహీనతను పెంచుతాయి, ఏ మందు రాయించుకున్నా ఈ జబ్బు సంగతి చెప్పండి. మింగడం, ఊపిరి కష్టమైతే ఆ క్షణమే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఆ ఇల్లాలు ఇప్పుడు అన్నం నమిలి తింటోంది. నాడి చూసే చేయి, తన హద్దు కూడా చూసుకోవాలి. హకీంకు అందులో చిన్నతనం లేదు.