దిగడమే కదా అనుకోకండి

"మా అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు. హైదరాబాదులో వుద్యోగం. వచ్చే నెలలో నలుగురు స్నేహితులతో కలిసి లడఖ్ వెడతాడట. అక్కడ కంపెనీవాళ్ళు మనుషుల్నీ సైకిళ్ళనీ వాహనంలో కొండ మీదికి తీసుకువెళ్ళి వదులుతారట. పైనుంచి కిందికి సైకిలు మీద దిగి రావడమట. వెంట గైడు వుంటాడు, తొక్కే పనే లేదు, అంతా పల్లమే, ఇందులో కష్టమేముంది అంటాడు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. పంపించవచ్చునా?"

రాజమండ్రి నుంచి ఒక తల్లి వ్రాసిన వుత్తరమిది. అమ్మా, పంపించవచ్చు. ఆరోగ్యంగా వున్న కుర్రవాడు, తగిన జాగ్రత్తలు తీసుకుంటే, సుఖంగా వెళ్ళి సుఖంగా రావచ్చు. కాని "అంతా పల్లమే, కష్టమేముంది" అన్న మాట మాత్రం పూర్తిగా పొరపాటు. అసలు ప్రమాదం ఆ మాటలోనే వుంది. ఎలాగో చెబుతాను.

కష్టపడకుండా ఎక్కిన ఎత్తు

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున వుంది. మన తిరుమల 850 మీటర్లకు అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం కూడా 1,700 మీటర్ల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. అంటే లేహ్‌లో విమానం దిగిన మనిషి, మనం ఎన్నడూ చూడని ఎత్తుకు, గంటన్నరలో చేరుకున్నాడన్నమాట. అక్కడినుంచి మీ అబ్బాయిని తీసుకువెళ్ళేది బహుశా ఖార్దుంగ్ లా అనే కనుమకు. "లా" అంటే ఆ భాషలో కనుమ అనే అర్థం. దాని ఎత్తు 5,359 మీటర్లు. లేహ్ నుంచి రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. అక్కడ మనం ఒక్కసారి పీల్చే గాలిలో దొరికే ప్రాణవాయువు, ఇక్కడ దొరికేదానిలో సగమే.

శరీరం చాలా తెలివైనది. క్రమంగా ఎత్తుకు తీసుకుపోతే సర్దుకుంటుంది. శ్వాస పెంచుతుంది, మూత్రపిండాల ద్వారా రక్తంలోని క్షారగుణాన్ని సరిచేస్తుంది, నాలుగు రోజుల్లో ఆ గాలికి అలవాటు పడుతుంది. కాళ్ళతో ఎక్కేవాడికి ఆ వ్యవధి దొరుకుతుంది. వాహనంలో ఎక్కేవాడికి దొరకదు. కాళ్ళకు నొప్పి లేదు గనుక శరీరం మొత్తం క్షేమంగా వుందనుకుంటాడు. ఊపిరితిత్తులకూ మెదడుకూ మాత్రం ఆ ఎత్తు ఎత్తే.

దీని ఫలితాన్ని ప్రపంచానికి తెలియజెప్పిన వారిలో మన సైనిక వైద్యులు ముందు వరుసలో వున్నారు. 1962 యుద్ధకాలంలోనూ ఆ తరువాతా మైదానాలనుంచి హఠాత్తుగా ఆ కొండలకు చేర్చిన జవానులను చూసి, వారు 1960 దశకంలో వ్రాసిన వ్యాసాలను వైద్యులు ఇప్పటికీ వుదహరిస్తారు. బలిష్ఠులైన యువకులు సైతం ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడిపోయారు. వయసూ కండబలమూ ఇందులో రక్షణ కావు.

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం మా అక్కయ్య కొడుకు ఇదే ప్రయాణం వెళ్ళాడు. ఒకనాటి రాత్రి ఫోను చేసి, "మామయ్యా, తలనొప్పిగా వుంది, అన్నం సయించడం లేదు" అన్నాడు. ఆ పూట వార్డులో పని ఎక్కువై అలసి వున్నాను. "ప్రయాణపు బడలికరా, మాత్ర వేసుకుని పడుకో" అన్నాను. ఇన్నేళ్ళ సర్కారు నౌకరీలో వేలమంది రోగులను చూసిన వాణ్ణి, "లేహ్ చేరి ఎన్ని గంటలయింది?" అన్న ఒక్క ప్రశ్న అడగలేకపోయాను. అప్పటికి అతను చేరి పన్నెండు గంటలే.

మర్నాడు ఉదయమే వాహనం సిద్ధంగా వుంది. అందరూ డబ్బు కట్టారు. తనవల్ల మిగతావాళ్ళ ప్రయాణం చెడుతుందని, నవ్వుతారని, తలనొప్పి సంగతి దాచి ఎక్కాడు. కనుమ మీద దిగాక హెల్మెట్ పట్టీ పెట్టుకోలేక తడుముకుంటూంటే గైడు చూశాడు. ఆ గైడు పెద్ద చదువు చదివినవాడు కాడు. "నా ముందు నాలుగడుగులు తిన్నగా నడువు" అన్నాడు. మావాడు తూలాడు. మరుక్షణం వాణ్ణి వాహనంలో కూర్చోబెట్టి, ప్రాణవాయువు పెట్టి, కిందికి తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చాడు. రెండు రోజుల్లో కోలుకున్నాడు. ఆ సైకిలెక్కి దిగివుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. అందుకే ఈ వుత్తరానికి ఇంత వివరంగా జవాబు వ్రాస్తున్నాను.

గుర్తించవలసిన లక్షణాలు

ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నీరసం కనిపిస్తే అది ఎత్తువల్ల కలిగిన జబ్బే అనుకోవాలి. కాదని రుజువయ్యేదాకా అలాగే భావించాలి. ఆ రోజు ఇంకా పైకి పోకూడదు. విశ్రాంతితో తగ్గితే సరే, తగ్గకపోతే కిందికి దిగాలి.

ఇక ప్రమాద సూచనలు. నడకలో తూలడం, మాట తడబడడం, చెప్పినది అర్థం కాకపోవడం మెదడు వాచిందనడానికి గుర్తులు. కూర్చున్నచోటే ఆయాసం, దగ్గు, నురగతో గాని ఎర్రగా గాని కఫం పడడం ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనడానికి గుర్తులు. ఈ రెంటికీ మొదటి మందు ఒక్కటే: వెంటనే కిందికి దిగడం, ప్రాణవాయువు ఇవ్వడం. తెల్లవారనీ చూద్దామనుకోకూడదు. అలాంటివాణ్ణి గదిలో ఒంటరిగా వదలి మిగతావాళ్ళు షికారుకు పోకూడదు.

కరోనా రోజుల్లో కొన్న వేలికి తగిలించే పరికరం చాలా ఇళ్ళలో వుంది. దాన్ని పట్టుకెళ్ళినా అంకెను చూసి నిర్ణయించకండి. కొత్తగా వెళ్ళినవారికి అక్కడ తొంభైకి కాస్త లోపు చూపడం సాధారణమే. అంకె బాగున్నా తలనొప్పీ తూలుడూ వుంటే మనిషి బాగా లేనట్టే.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఈ జబ్బు రాకుండా కొంత కాపాడుతుంది. ప్రయాణానికి ముందురోజు నుంచి వాడతారు. మూత్రం ఎక్కువగా రావడం, వేళ్ళు తిమ్మిరెక్కడం మామూలు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు వున్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. స్నేహితుడి జేబులోది తీసి మింగే మందు కాదిది.

ఎండిన గాలి, చల్లని వేళ్ళు

లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. కరువు జిల్లా అనే మన అనంతపురంలోనే 500 దాటుతుంది. అది చలి ఎడారి. చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. శ్వాసతోనే చాలా నీరు పోతుంది. చలివల్ల దాహం వేయదు. కనుక దాహం కోసం ఎదురుచూడక కొద్దికొద్దిగా తాగుతూ వుండాలి. మూత్రం లేత రంగులో వుంటే చాలు. వుత్త నీళ్ళే కడివెడు తాగడమూ మంచిది కాదు. మజ్జిగ దొరకని చోట ఓఆర్ఎస్ పొట్లం, ఉప్పు వేసిన సూపు వాడుకోవచ్చు. మొదటి రెండు రోజులు సారాయి, బీరు, నిద్రమాత్రలు పూర్తిగా మానాలి.

ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరేడు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. లేహ్‌లో హాయిగా వున్న ఉదయం కనుమ మీద పన్నెండు డిగ్రీలు తక్కువ. పైగా దిగేటప్పటి ఎదురుగాలి. వేళ్ళు కొయ్యబారితే బ్రేకు నొక్కలేరు. కాబట్టి చేతి తొడుగులు సోకు కోసం కావు, అవి బ్రేకులో భాగం. ఎత్తుకు పోయేకొద్దీ ఎండ తీక్షణత కూడా పెరుగుతుంది. నల్ల కళ్ళద్దాలు, ముఖానికి లేపనం తప్పనిసరి.

బ్రేకుల సంగతి

కొండ దిగుడు సైకిలు క్రీడ 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో వూపందుకుంది. పాత సైకిళ్ళతో ఒక మట్టిబాట దిగేవారు. కిందికి వచ్చేసరికి వెనక చక్రపు బ్రేకులోని గ్రీజు వేడికి ఆవిరై పొగవచ్చేది. మళ్ళీ గ్రీజు నింపితే గాని పనిచేసేది కాదు. అందుకే ఆ బాటకు "రీప్యాక్" అనే పేరు వచ్చింది. సైకిలుతో కలిపి 85 కిలోల బరువు ఖార్దుంగ్ లా నుంచి లేహ్‌కు దిగితే విడుదలయ్యే శక్తి, నాలుగు లీటర్ల చన్నీళ్ళను మరిగించడానికి చాలు. అందులో కొంత గాలిలో పోతుంది, మిగిలింది బ్రేకుల మీదే పడుతుంది. కనుక అదేపనిగా నొక్కి పట్టకుండా, రెండు బ్రేకులూ కలిపి, నొక్కుతూ వదులుతూ దిగాలి. మధ్యమధ్య ఆగి బ్రేకులూ చేతులూ చల్లార్చుకోవాలి. ముందువాడికీ తనకూ బాగా ఎడం వుంచాలి. వంపుల్లో వచ్చే లారీలకు మీ పందెంతో పని లేదు.

పడితే

చెయ్యి ఆనించి పడినవాడికి బొటనవేలి మొదట, మణికట్టు దగ్గర నొక్కితే నొప్పి వుంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా ఎముక చిట్లి వుండవచ్చు. పట్టీ వేయించుకుని పది పన్నెండు రోజులకు మళ్ళీ తీయించాలి. హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుంటే పైన గాయం లేకపోయినా లోపల ప్లీహం గాని, కాలేయం గాని చిరిగి రక్తం పోవచ్చు. పొట్టనొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ముఖం పాలిపోవడం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. మెడనొప్పి అన్నవాణ్ణి లేపి కూర్చోబెట్టకండి.

తలకు దెబ్బ తగిలినవాడు ఆ రోజు మళ్ళీ సైకిలెక్కకూడదు. ఇక్కడ ఒక చిక్కుంది. తలదెబ్బవల్ల వచ్చే తలనొప్పీ వాంతీ, ఎత్తువల్ల వచ్చేవీ ఒక్కలాగే వుంటాయి. ఏది అని కొండమీద తర్కించకండి. రెండూ వున్నాయనుకుని కిందికి తెచ్చి ఆసుపత్రిలో చూపించండి. దెబ్బ తిన్న హెల్మెట్ బయటికి బాగున్నా మళ్ళీ వాడకూడదు. ధనుర్వాతం ఇంజక్షను గడువు ప్రయాణానికి ముందే చూసుకోవాలి.

ఎవరు వెళ్ళకూడదు

గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, తీవ్రమైన రక్తహీనత వున్నవారు, గర్భిణులు ఈ సాహసం చేయవద్దు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ లక్షణం ఒంట్లో వున్నవారికి, ఇక్కడ ఏ బాధా లేకపోయినా, ఆ ఎత్తున ప్లీహం దెబ్బతినవచ్చు. కుటుంబంలో ఆ చరిత్ర వుంటే ముందు రక్తపరీక్ష చేయించాలి. మూర్ఛ, ఉబ్బసం, మధుమేహం వున్నవారు తమ డాక్టరు సలహాతోనే బయలుదేరాలి.

తల్లిగారికి చివరి మాట

అమ్మా, మీ అబ్బాయిని ఇవి అడగండి. లేహ్‌లో దిగాక కనీసం రెండు పూర్తి రోజులు విశ్రాంతి వుందా? మూడో నాలుగో రోజున కనుమకు వెడితే మరీ మంచిది. వెనకాల ఖాళీ వాహనం వస్తుందా? అందులో ప్రాణవాయువు సిలిండరు వుందా? గడ్డం దాకా కప్పే హెల్మెట్ ఇస్తారా? బయలుదేరే ముందు బ్రేకులు ఎవరు చూస్తారు? "మీరు లేహ్ ఎప్పుడు చేరారు?" అని తమంతట తాము అడగని కంపెనీకి డబ్బు కట్టవద్దనండి.

ఇంకొకటి. అయిదుగురూ బయలుదేరకముందే కూర్చుని ఒక ఒప్పందం చేసుకోవాలి. ఎవరికి తలనొప్పి వచ్చినా దాచకూడదు, చెప్పినవాణ్ణి ఎవరూ నవ్వకూడదు, వాడితోపాటు ఒకరు తప్పక ఆగిపోవాలి, గైడు వద్దంటే అది అందరికీ వద్దే. కట్టిన డబ్బు పోతే మరో ఏడాది సంపాదించుకోవచ్చు. ఈ ఒప్పందానికి మీ అబ్బాయి సరేనంటే సంతోషంగా పంపించి, మీరు నిశ్చింతగా నిద్రపోండి. రాత్రి అతను ఫోను చేసినప్పుడు "అన్నం తిన్నావా, తలనొప్పి వుందా, ఏ వూళ్ళో వున్నావు" అని మూడు ప్రశ్నలూ అడగడం మాత్రం మరచిపోకండి.