వీసాను నమ్మి పొలం తాకట్టు పెట్టవద్దు

అమెరికాలో పెట్టిన ఆంక్షలకూ మన పల్లెలకూ సంబంధం ఏమిటని అనుకోవడానికి వీలులేదు. కొడుకునో, కూతురినో అక్కడికి పంపిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. వారిలో కొందరి పొలం కాగితాలు బ్యాంకులోనో, వడ్డీ వ్యాపారి పెట్టెలోనో ఉన్నాయి.

విదేశీ నిపుణులకు అమెరికా ఇచ్చే ఉద్యోగ వీసాను హెచ్-1బి అంటారు. అమెరికా వెలుపల ఉన్నవారి కోసం కొత్తగా పెట్టే దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ అధ్యక్షుడు ట్రంప్ 2025 సెప్టెంబరు 19న ఏడాది కాలానికి ఉత్తర్వు చేశారు. నాటి లెక్కన అది సుమారు 88 లక్షల రూపాయలు. అక్కడే చదువు ముగించుకుని ఉద్యోగ వీసాకు మారేవారికి ఇది వర్తించదని తరువాత అధికారులు వివరణ ఇచ్చారు.

“మావాడు చదువుకే కదా వెళుతున్నాడు” అని తండ్రులు ధైర్యం చెప్పుకుంటున్నారు. కాని అది సగం మాటే. ఈ వీసాలు ఏటా 65 వేలు, అక్కడ పై చదువు చదివినవారికి మరో 20 వేలు మాత్రమే. దరఖాస్తులు అంతకు మించితే లాటరీ తీస్తారు. 2026 ఫిబ్రవరి 27 నుంచి అమలైన నిబంధన ప్రకారం పెద్ద జీతం వారికి ఆ లాటరీలో ఎక్కువ అవకాశం ఉంటుంది. అప్పుడే చదువు ముగించి చిన్న జీతంతో చేరినవారు వెనుకబడతారు. ఉద్యోగ వీసా రాకుండా అక్కడ పనిచేయడానికి కంప్యూటరు, ఇంజనీరింగు చదివినవారికి సాధారణంగా దొరికే గడువు మూడేళ్లు. ఆ గడువు ముగిసినా ఇక్కడి వడ్డీ ఆగదు.

పిల్లలను పంపవద్దని నా ఉద్దేశం కాదు. వెళ్లినవారి సంపాదనతో అప్పులు తీరి, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగిన ఇళ్లు మన కళ్ల ముందే ఉన్నాయి. అయితే లాటరీ తగలకపోతే అప్పు ఎలా తీర్చాలో పంపేముందే లెక్క చూసుకోవాలి. ఆ లెక్క తేలనప్పుడు ఉన్న రెండెకరాలూ తాకట్టు పెట్టడం నేల విడిచి సాము చేయడమే.

ఇంకొక మాట. ఆ లక్ష డాలర్లు కట్టవలసింది పిలిపించుకునే కంపెనీ, ఉద్యోగి కాదు. అందులో వాటా అంటూ ఎవరైనా మధ్యవర్తి డబ్బు అడిగితే పైసా ఇవ్వవద్దు.

విదేశాలలో ఉద్యోగాలు ఇప్పించే ఏజెంట్లు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరు కావాలి. చదువులకు పంపే కన్సల్టెన్సీలు ఆ చట్టం కిందికి రావు. అందువల్ల వీరి పేర్లు, ఫీజులు నమోదు చేయించే ఏర్పాటును జిల్లా అధికారులు చేయాలి. అప్పు ఇచ్చే ముందు ఈ కొత్త నిబంధనలను బ్యాంకు మేనేజర్లు తల్లిదండ్రులకు తెలుగులో వివరించాలి.

వీసా ఈ ఏడు రాకపోతే మరో ఏడు ప్రయత్నించవచ్చు. చేయి దాటిన భూమి తిరిగి రావడం ఎంత కష్టమో రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.