మధుమేహం - మూలకణ చికిత్స

మధుమేహం ఒకసారి వచ్చిందంటే దాన్ని అదుపులో ఉంచుకోవలసిందే గాని పూర్తిగా పోగొట్టుకోవడం సాధ్యం కాదని వైద్యులు చెబుతూ వచ్చారు. అటువంటి వ్యాధిని మూలకణాలతో మాయం చేస్తామని ఎవరైనా ప్రకటిస్తే రోగికి ఆశ పుట్టడం సహజం. ఆ ఆశను సొమ్ము చేసుకొనేవారూ పుట్టుకొస్తున్నారు. ఇందులో నిజమెంత, అతిశయోక్తి ఎంత అన్నది విచారించవలసిన విషయం.

జీర్ణాశయం వెనుక క్లోమం అనే గ్రంథి ఉంది. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్యవిద్యార్థి దానిలో చిన్న చిన్న దీవుల వంటి కణ సముదాయాలను వర్ణించాడు. వాటిలోని బీటా కణాలు రక్తంలో చక్కెర ఎంత ఉన్నదో అనుక్షణం కనిపెట్టి, కావలసినంత ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి. మొదటి రకం మధుమేహంలో శరీరపు రక్షణ వ్యవస్థే వీటిని నాశనం చేస్తుంది. కంచే చేను మేసినట్లన్నమాట! 1922లో టొరంటోలో తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చేవరకు ఈ వ్యాధి సోకిన పిల్లలు ఎంతోకాలం బతికేవారు కారు. అయినా సూదిమందుకు బీటా కణం నేర్పు రాదు. మోతాదు తగ్గితే చక్కెర పెరిగి, ఏళ్ల తరబడి కళ్లను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎక్కువైతే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది.

పోయిన కణాలను తిరిగి పెడితే? 2000లో కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు, మృతుల క్లోమాల నుండి తీసిన దీవులను ఏడుగురికి ఎక్కించి సూదులు మాన్పించగలిగారు. కాని ఒక్క రోగికి ఇద్దరు ముగ్గురు దాతలు కావలసివచ్చేది. పైగా ఈ చికిత్స పొందినవారిలో అయిదేళ్ల తరువాత కూడ సూది లేకుండా ఉన్నవారు పదిమందిలో ఒక్కరే. అందువల్ల శాస్త్రజ్ఞుల దృష్టి, ఇతర కణాలుగా మారగల మూలకణాలపై పడింది. హార్వర్డ్ ఆచార్యుడు డగ్లస్ మెల్టన్ తన బిడ్డకు ఈ వ్యాధి రావడంతో పరిశోధన దిశనే మార్చుకొని, 2014లో మూలకణాల నుండి బీటా కణాలను సమృద్ధిగా తయారుచేసి చూపాడు. అమెరికాకు చెందిన వెర్టెక్స్ సంస్థ 2025లో వెల్లడించిన పరీక్షలో, పూర్తి మోతాదు పొందిన 12 మందిలో 10 మందికి ఏడాది తరువాత ఇన్సులిన్ అవసరం లేకపోయింది. చైనాలో 2023లో ఒక యువతి కొవ్వు నుండి తీసిన కణాలనే ఇలా మలచి ఆమె పొట్ట కండరాల వద్ద ఉంచారు. రెండున్నర నెలలకు ఆమె సూది మానింది.

ఇవి చిన్న విజయాలు కావు. కాని అమెరికా పరీక్షలోని రోగులు కొత్త కణాలను కాపాడుకొనేందుకు రక్షణశక్తిని అణచే మందులు వాడుతూ ఉండాలి. చైనా యువతి కాలేయ మార్పిడి కారణంగా అవే మందులు ముందునుండీ వాడుతున్నది. సూదితో చక్కగా నెట్టుకొస్తున్న పిల్లవాడికి ఇది లాభసాటి బేరమేమీ కాదు. పైగా 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారు. వీరిలో అత్యధికులది రెండవ రకం. అక్కడ ఉన్న ఇన్సులిన్ మాటనే శరీరం సరిగా వినదు. కణాలు చేర్చినంత మాత్రాన ఆ చిక్కు తీరదు.

భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకాలలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. కొన్ని రక్త సంబంధ వ్యాధులకు చేసే మార్పిడి మినహా, తక్కిన మూలకణ చికిత్సలన్నీ ప్రయోగదశలోనివే. అనుమతి పొందిన పరీక్షలలో తప్ప వాటిని వాడరాదు. ప్రయోగానికి ఒప్పుకొన్న రోగి వద్దనే రుసుము గుంజడం ఎక్కడి ధర్మం? రోగికి ఆశ కూడ ఉండకూడదా అని కొందరు వాదిస్తారు. ఆశ ఉండవచ్చు. కాని పొలం అమ్మి చికిత్సకు కట్టినవాడు, నయమైందన్న నమ్మకంతో ఇన్సులిన్ మానేస్తే ప్రాణానికే ముప్పు.

రేపు ఈ చికిత్స నిజంగా సిద్ధమైతే దాని వెల ఎంత అన్నది మరో ప్రశ్న. 1923లో ఇన్సులిన్ హక్కులను కనుగొన్నవారు టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చివేశారు. ఈ కణాలకు అటువంటి దాతలు దొరుకుతారని చెప్పలేము. మన ప్రభుత్వ పరిశోధనాలయాలు వీటి తయారీని స్వయంగా చేపట్టడమే మేలు.